వత్తుల దాకా రాని పాఠం

నాకు 19 ఏళ్లప్పుడు, హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉండే మిత్రుడి గురించి వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి చెప్పేశాను. వాడు రెండు సెమిస్టర్లుగా పరీక్షలు రాయడం లేదని, ఇంట్లో మాత్రం అన్నీ పాసవుతున్నట్టు చెబుతున్నాడని. వాడికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను, అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. వాడి గుట్టు మోయడం నాకు బరువైపోయింది. రాత్రి వాడు హాయిగా నిద్రపోతుంటే నాకు టెన్షన్‌గా ఉండేది. ఆ బరువుని ఎవరో ఒకరికి అప్పగించేస్తే చాలనిపించింది.

మర్నాడు సాయంత్రానికి వాళ్ల నాన్నగారు వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, "సామాను సర్దుకో" అన్నారు. ఒక్క కేక కూడా వేయలేదు. వాడు పరుపు చుట్టుకుంటూ నావైపు ఒక్కసారి చూశాడు, నేను కిటికీలోంచి బయటికి చూశాను. వాడి చదువు అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత ఆరేళ్లు మా మధ్య మాటల్లేవు.

ఆరేళ్ల తర్వాత నేనే వెతుక్కుంటూ వెళ్లాను. దారి పొడవునా ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్లినవి ఒక్కటీ నోట్లోంచి రాలేదు, "నాదే తప్పురా" అని మాత్రం అన్నాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నువ్వు చెప్పకపోయినా ఏదో ఒకరోజు నాన్నకి తెలిసేదేరా. కానీ నేను చెప్పేవాణ్ణి. అది నేను చెప్పుకోవాల్సిన మాట." ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అయినా ఆ రోజు ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం, ఇప్పుడు నెలకి రెండు మూడుసార్లు మాట్లాడుకుంటాం. వాడి చదువు తిరిగి రాలేదు గానీ వాడు నాకు తిరిగొచ్చాడు.

ఇది నేను చేసిన పని. దీనికి తేదీ ఉంది, వారం ఉంది, ఫోన్ పెట్టేసిన చప్పుడు ఉంది. ఎవరి దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకోవాలో తెలుసు. ఒప్పుకున్నాను కూడా.

చేయని పని ఇంకొకటుంది. దాని గురించే రాద్దామని కూర్చున్నాను.

మా అమ్మమ్మకి చదువు రాదు. నాకు 14 ఏళ్లున్నప్పుడు ఒక సెలవుల్లో, మధ్యాహ్నం నేను ఏదో చదువుకుంటుంటే పక్కన కూర్చుని, "ఏరా, నాకీ వయసులో వస్తుందంటావా?" అని అడిగింది. ఎందుకు రాదు అన్నాను. ఆ రోజే మొదలుపెట్టాం. పలక కాదు, నా పాత నోటుపుస్తకంలో వెనక మిగిలిన కాగితాల మీద. అ నుంచి అః దాకా వారం పట్టింది. తర్వాత హల్లులు. 'ఠ'కీ 'ర'కీ తేడా ఏమిటని నాతో పోట్లాడేది, లోపల చుక్క ఉంది చూడు అంటే, "చుక్క పెట్టడం మర్చిపోతే మాట మారిపోతుందా, ఇదేం న్యాయంరా" అనేది. నన్ను "మేష్టారూ" అని పిలిచేది ఆ గంటసేపూ. పాఠం అయిపోగానే మళ్లీ "ఒరేయ్"కి వచ్చేసేది.

గుణింతాల దగ్గర ఆమెకి ఊపు వచ్చింది. కాకి, గీత, మేక, నీరు, వాన, ఇవన్నీ కూడబలుక్కుని చదివి, చదివిన మాట తనకి తెలిసిన మాటే అని అర్థమైన క్షణంలో ఆమె మొహం చూడాలి. 'వాన' అని చదివి, కాగితం మీద నిజంగా తడి ఉన్నట్టు వేలితో తడిమి చూసింది ఒకసారి. అప్పుడు నేను చిన్నవాణ్ణి, నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ వేలు తల్చుకుంటే నవ్వు రాదు.

గుణింతాలు అయ్యాక వత్తులు చెప్పాలి. అక్కడ ఆగాం.

వత్తులు కొంచెం కష్టం. కొన్ని వత్తులు ఆ అక్షరాన్నే చిన్నది చేసి కింద పెట్టినట్టుంటాయి, కొన్నిటికి అసలు పోలికే ఉండదు. త వత్తు చూస్తే అది త అని ఎవరనుకుంటారు? మ, న, య, ర, ల వత్తులు కూడా అంతే, దేనికది విడిగా గుర్తుపెట్టుకోవాలి. ఇంకో పది పదిహేను రోజులు కూర్చుంటే వచ్చేసేవి ఆమెకి, పట్టుదల అలాంటిది. కానీ సెలవులు అయిపోయాయి. తర్వాతి ఏడాది నాకు పెద్ద పరీక్షలు. ఆ తర్వాతి సెలవుల్లో కొత్త స్నేహాలు. ఆ తర్వాత ఏం అడ్డొచ్చిందో నాకే గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాదు, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. ఫలానా రోజున మానేశాను అని చెప్పడానికి ఒక రోజు లేదు. "ఇక నేర్పను" అని ఎప్పుడూ అనుకోలేదు. ప్రతిసారీ నేర్పుతాననే అనుకున్నాను.

ఆమె ఇంటిపేరు సంగతి అలా ఉంచితే, ఆమె పేరు చివర 'మ్మ' ఉంది. అంటే తన పేరు తాను పూర్తిగా రాసుకోవడానికి సరిగ్గా ఒక్క వత్తు దూరంలో ఆపేశాను.

చేసినవాటి కంటే చేయనివే ఎందుకు ఇంతగా పట్టుకుంటాయో తెలుసుకుందామని ఒక దశలో దొరికినవన్నీ చదివాను. మొదట్లో చదివింది నాకు మింగుడు పడలేదు. డానియెల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1982లో ఒక చిన్న కథ చెప్పి జనాన్ని అడిగారు. ఇద్దరు మనుషులు. ఒకడు తన షేర్లు మార్చుకుందామా అని ఆలోచించి మార్చుకోలేదు, ఇంకొకడు ఉన్నవి అమ్మి వేరేవి కొన్నాడు. చివరికి ఇద్దరికీ 1200 డాలర్లు చేజారాయి, అంటే రెండోరకంగా చేసుంటే ఆ డబ్బు మిగిలేది. ఎవరు ఎక్కువ బాధపడతారు? దాదాపు అందరూ చెప్పింది, మార్చుకున్నవాడే అని. చేతులారా చేసుకున్నదే ఎక్కువ మండుతుందని. నా అనుభవం చూస్తే మొదటి ఆరేళ్లు అది అక్షరాలా నిజం. మిత్రుడి పరుపు చుట్ట కళ్లముందు కదలని రోజు లేదు, అమ్మమ్మ వత్తులు మాత్రం నన్ను బాధపెట్టలేదు.

తర్వాత థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అనే ఇంకో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రాసినవి చదివాక కొంత తేటపడింది. వాళ్లు 1994, 1995ల్లో రాసినదాని సారం ఏమిటంటే, కాలం ఈ లెక్కని తిరగేస్తుంది. దగ్గరి రోజుల్లో చేసినవి బాధపెడతాయి, జీవితం మొత్తం వెనక్కి తిరిగి చూసుకుంటే చేయనివే ముందుకొస్తాయి. చేసిన తప్పుకి మనం ఏదో ఒకటి చేస్తాం, క్షమాపణ అడుగుతాం, సరిదిద్దుతాం, కనీసం "దానివల్ల బుద్ధొచ్చింది" అని సర్దుకుంటాం. చేయనిదానికి అవేవీ కుదరవు. పైగా అప్పుడు మనల్ని ఆపినవి కాలంతో పాటు పలచబడిపోతాయి.

ఈ చివరి మాట మీద గిలోవిచ్ వాళ్లే 1993లో చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది. విశ్వవిద్యాలయంలో చదువుతున్న పిల్లల్ని, ఈ టర్మ్‌లో ఇంకో కష్టమైన కోర్సు అదనంగా తీసుకుంటే ఏమవుతుంది అని అడిగారు. అమ్మో, మార్కులు పోతాయి, నిద్ర పోతుంది, స్నేహితులతో గడపడానికి టైం ఉండదు అన్నారు. అదే ప్రశ్న, చదువు ముగించి ఎప్పుడో వెళ్లిపోయిన పాతవాళ్లని, అప్పట్లో ఇంకో కోర్సు తీసుకునుంటే ఏమయ్యేది అని అడిగితే, పెద్ద తేడా ఉండేది కాదు అన్నారు. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇప్పుడు నాకు అమ్మమ్మకి ఇవ్వాల్సిన 20 నిమిషాలే కనబడుతున్నాయి. ఆ 15, 16 ఏళ్ల పిల్లాడి భయాలు కనబడటం లేదు. వాడు దుర్మార్గుడేం కాదు. వాడికి ఆ 20 నిమిషాలు నిజంగానే కొండలా ఉండేవేమో. ఇలా అనుకుంటే కాస్త ఊరట కలుగుతుంది, కానీ ఆ ఊరట ఎంతోసేపు నిలవదు, ఎందుకంటే ఆ పిల్లాడు ఎప్పటికీ పిల్లాడిగా ఉండలేదు. 24 ఏళ్లు వచ్చాయి. ఆ సంగతి చెబుతాను.

దానికి ముందు ఉత్తరాలు. హాస్టల్లో ఉన్నప్పుడు అమ్మమ్మకి ఉత్తరాలు రాసేవాణ్ణి, ఆమెకోసం విడిగా. మిగతా ఇంటివాళ్లకి రాసింది ఎవరైనా చదివి వినిపిస్తారు, కానీ ఇది ఆమె తనంతట తాను చదువుకోవాలి, కాబట్టి ఒక్క వత్తు కూడా ఉండకూడదు. రాసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. పైన 'అమ్మమ్మకి' అని రాయడానికి లేదు, రెండు వత్తులు. 'ఇక్కడ' అనడానికి లేదు. 'బాగున్నాను' అనడానికి లేదు. "నీ మోకాలు ఎలా ఉంది? మందు రాసుకో. ఈ ఊరిలో వాన బాగా కురిసింది. నా చదువు బాగా సాగుతోంది." ఇలా ఉండేవి. నా మిత్రుడు, పైన చెప్పినవాడే, మంచం మీద పడుకుని ఆ ఉత్తరాలు తీసుకుని వత్తులు వెతికేవాడు. "ఒరేయ్, 'చల్లగా'లో ఉంది, కొట్టెయ్" అనేవాడు. వాడికి అదొక ఆట. చదువు సాగుతోందని నేను రాసుకుంటుంటే వాడు ఏమనుకునేవాడో, అప్పుడు నాకు తట్టలేదు.

ఒకసారి సెలవులకి నేను ఇంటికి వెళ్లాలి. స్నేహితులందరం కలిసి ఎక్కడికో వెళ్దామనుకున్నాం. వెళ్లాలా, అమ్మమ్మ దగ్గరికి వెళ్లాలా అని నేను పెద్దగా ఆలోచించింది కూడా లేదు. "ఈ సెలవులకు రాలేను" అని రాశాను. ఒక్క వత్తు లేదు. ఆమె ఆ మాటని ఎవరి సాయం లేకుండా, తప్పు లేకుండా చదువుకుంది. 'వస్తాను' అని రాసి ఉంటే చదవలేకపోయేది, అందులో 'స్తా' ఉంది. నేను నేర్పిన చదువుతో ఆమె 'రాలేను'ని చదవగలదు, 'వస్తాను'ని చదవలేదు. ఇది నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది, తట్టిన రోజు అన్నం సహించలేదు.

అసలు ఆ 'రాలేను' కూడా నిజం కాదు. నిజం 'రాను'. మన భాషలో ఒక వెసులుబాటు ఉంది, నేనైతే దాన్ని జీవితమంతా వాడుకున్నాను. రానివాణ్ణి 'రాలేకపోయాను' అంటాను. రాయనివాణ్ణి 'రాయలేకపోయాను' అంటాను. మధ్యలో ఆ 'లేక' దూరగానే నేను చేయని పని నాకు జరిగిన నష్టంలా మారిపోతుంది. అమ్మమ్మ పోయాక ఎన్నో ఏళ్లు "ఆమెకి వత్తులు నేర్పలేకపోయాను" అనే చెప్పుకున్నాను, నాకు నేను కూడా. నేర్పలేకపోవడానికి అడ్డం ఏముంది? నేర్పలేదు. మాట అంత పొట్టిదే.

24 ఏళ్లప్పుడు ఏదో కాగితం మీద ఆమె సంతకం కావాల్సి వచ్చింది. వేలిముద్ర వేయించడానికి ఇంకుప్యాడ్ తెచ్చారు. అమ్మమ్మ వద్దని, పెన్ను ఇమ్మంది. అందరూ నావైపు చూశారు, నాకు గర్వంగా అనిపించింది. ఆమె నెమ్మదిగా, ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబట్టి, పేరు రాసింది. చివర 'మ' రాసి ఆగిపోయింది. కింద ఖాళీ చోటు కేసి చూసింది. నేను పక్కనే ఉన్నాను, చెయ్యి పట్టుకుని ఆ చిన్న వత్తు పెట్టించడానికి రెండు సెకన్లు పట్టదు. ఆమె తలెత్తి, అందరికీ చెబుతున్నట్టుగా, "ఆ పై పాఠం ఇంకా కాలేదు" అంది. దెప్పిపొడవలేదు, నిష్ఠూరమాడలేదు. నా పరువు కాపాడుతున్నట్టు, మేష్టారు ఇంకా అక్కడికి రాలేదు అన్నట్టు చెప్పింది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. "ఈసారి వచ్చినప్పుడు నేర్పుతాలే అమ్మమ్మా" అన్నాను.

ఈసారి. ఎంత మెత్తటి మాటో చూడండి. రాసినదాన్ని బట్టి చూస్తే ఇదిగో ఇప్పుడే అన్నట్టుంటుంది, మనం వాడేది మాత్రం రాబోయేసారికి. 'ఈసారి తెస్తా', 'ఈసారి తీరిగ్గా కూర్చుందాం'. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. పెన్ను ఉంది, కాగితం ఉంది, ఆమె ఉంది. "సరేలే, నాకేం తొందర" అంది ఆమె. ఎనిమిది నెలలకి పోయింది.

కానెమన్, గిలోవిచ్, మెడ్వెక్ ముగ్గురూ 1998లో కలిసి ఒక వ్యాసం రాశారు, ఒకరితో ఒకరు విభేదించినవాళ్లు కలిసి కూర్చుని రాసింది. అందులో కానెమన్ వాదన, చేసినదాని బాధ వేడిగా, తీవ్రంగా ఉంటుంది, ఎప్పుడో చేయనిదాని బాధ చాలావరకు మెత్తటి బెంగ మాత్రమే అని. మిగతా ఇద్దరూ చేయనివాటిలో కొన్ని బెంగతో ఆగవు, మనిషిని లోపల్నుంచి కుంగదీసేవీ ఉంటాయి అన్నారు. నాది ఏ రకమో ఇన్నేళ్లకీ తేల్చుకోలేదు. చాలా రోజులు బెంగే. వాన పడ్డప్పుడు, చిన్నపిల్లలు కూడబలుక్కుని చదువుతుంటే విన్నప్పుడు, తియ్యగా కూడా ఉంటుంది. కానీ ఆ సంతకం గుర్తొచ్చిన రోజు అది బెంగ కాదు, మంటే. అది చేయని పనే, కానీ దానికి ఒక సాయంత్రం ఉంది, ఒక కాగితం ఉంది, నా నోటి నుంచి వచ్చిన మాట ఉంది. కాబట్టి చేసినవి ఒకవైపు, చేయనివి ఒకవైపు అని గీత గీయడం నాకు అంత తేలిగ్గా కుదరడం లేదు. "ఈసారి" అనడం కూడా నేను చేసిన పనే కదా.

"చేసేయ్, చేయకపోతే తర్వాత బాధపడతావ్" అని అందరూ సలహా ఇస్తుంటారు. ఆ మాట నాకు నచ్చదు. నేను మిత్రుడి నాన్నగారికి ఫోన్ చేసింది సరిగ్గా ఆ ఆత్రంతోనే. ఊరికే ఉండలేక. ఫుట్‌బాల్‌లో పెనాల్టీ కిక్ అప్పుడు గోల్‌కీపర్లు ఏం చేస్తారో 286 కిక్కులు చూసి 2007లో కొందరు లెక్కగట్టారు. నూటికి 94 సార్లు ఎడమకో కుడికో దూకారట, మధ్యలో నిలబడి ఉంటేనే బంతి ఆపే అవకాశం ఎక్కువైనా. నిలబడిపోయి గోల్ పడితే, వీడు ప్రయత్నమే చేయలేదు అంటారని భయం. ఆ రాత్రి నేను అలా దూకాను. నిలబడి ఉండాల్సింది. మహా అయితే వాడి పక్కన కూర్చుని, "నువ్వే చెప్పు, నేను పక్కనుంటా" అనాల్సింది. అది కూడా నేను చేయనిదే, చూడండి. వాడి విషయంలో నేను బాధపడాల్సింది చేసిన ఫోన్ గురించా, అనని ఆ మాట గురించా అని ఆలోచిస్తే, ఈమధ్య ఆ అనని మాటే పెద్దదవుతోంది.

సగంలో ఆగినవి ఎక్కువ గుర్తుంటాయని బ్లూమా జైగార్నిక్ అనే ఆవిడ 1927లో రాసింది. తర్వాత చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదట. నాకు మాత్రం ఆ నోటుపుస్తకంలో ఆఖరి పేజీ ఎక్కడ ఆగిందో కళ్లకి కట్టినట్టుంది. క్షౌ, క్షం, క్షః. దాని కింద గీత గీసి, 'రేపు వత్తులు' అని నా చేతిరాతతో. 'వత్తులు' అన్న మాటలోనే వత్తు ఉంది, అది ఆమె చదవలేదు. 'రేపు' మాత్రం చదివి ఉంటుంది.

పోయిన నెల మిత్రుడితో మాట్లాడుతూ ఇదంతా మొదటిసారి చెప్పాను. సంతకం సంగతి, 'రాలేను' సంగతి. 'వస్తాను'లో వత్తు ఉండబట్టి ఎలాగూ రాయడానికి కుదిరేది కాదు కదా అని, నన్ను నేను ఓదార్చుకోవడానికి దాచుకున్న ఆ ఒక్క సాకు కూడా వాడికి చెప్పాను. వాడు అవతల కాసేపు నిశ్శబ్దంగా ఉన్నాడు. హాస్టల్ మంచం మీద పడుకుని నా ఉత్తరాలు వెతికినట్టే వెతుకుతున్నాడని నాకు తెలియలేదు.

"బయలుదేరుతాను అని రాయొచ్చు కదరా," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక కాగితం తీసుకుని రాసి చూశాను. ఏడు అక్షరాలు. ఒక్క వత్తు లేదు.